యంత్రానికి దగ్గొచ్చింది

"ఇకమీదట ఈ దేశంలో శాస్త్రం ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు!" అని గాలి, సాంకేతిక శాఖల మంత్రిగారు ప్రకటించారు.

ప్రకటించి ఊరుకునే మనిషి కాదాయన. బల్ల గుద్దారు. బల్ల మీది నీళ్ల గ్లాసు ఎగిరి డైరెక్టరుగారి ఒళ్లో పడింది. డైరెక్టరుగారు ఆ తడిసిన బట్టలతోనే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతటి నిబద్ధత గల అధికారులున్న శాఖ అది.

"ఎవరికి హాని జరుగుతోందో శాస్త్రం తేల్చాలి. తేల్చిన మర్నాడే వాళ్లని కాపాడే చట్టం తెస్తాను. హాని చేసేవాడు నా చుట్టమైనా సరే, వదిలేది లేదు!" అన్నారు మంత్రిగారు.

ఆ మాటకి ముందు వరసలో కూర్చున్న కార్ఖానా యజమాని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆయన మంత్రిగారికి స్వయానా వియ్యంకుడు.

వెనక వరసలో స్తంభం చాటున కూర్చున్న శాస్త్రజ్ఞుడికి మాత్రం గుండె దడదడలాడింది. ఆఫీసులో అతన్ని అందరూ డాక్టరుగారూ అంటారు. గాలి మీద పరిశోధన చేసి తెచ్చుకున్న డాక్టరేటది. అయినా ఎవరికి ఒళ్లు వెచ్చబడినా నేరుగా అతని గదికొచ్చి నాలుక చాపుతారు. అతను మొహమాటస్తుడు. చూసి "బాగానే ఉంది" అని పంపేస్తాడు. చాలామందికి తగ్గింది కూడా.

అతని గుండె దడకి కారణం ఉంది. ఊరి చివర పాత బ్యాటరీలు కరిగించే కార్ఖానా ఒకటుంది. సదరు వియ్యంకుడిగారిదే. దాని వెనక వీధిలో అతని అక్క కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. బావ ఆ కార్ఖానాలోనే కొలిమి దగ్గర పని చేస్తాడు. వాళ్లకి ఒక్కగానొక్క కూతురు. గుప్పెడంత ఉంటుందని ఇంటిల్లిపాదీ పిచ్చుక అని పిలుస్తారు. ఆ పిల్ల పొగకి దగ్గీ దగ్గీ పక్కటెముకలు తేలిపోయి, వీపు చూస్తే నీళ్లు లేని కాలవలా తయారైంది. "ఇల్లు మారొచ్చు కదమ్మా" అనేవాళ్లకి అక్క చెప్పే జవాబు ఒకటే: "ఆ పొగ మానేస్తే మా పొయ్యి మానేస్తుంది నాయనా."

మేనకోడల్ని ఆ పొగలోంచి బయటపడేయాలి. తన చదువు దానికి పనికిరాకపోతే ఇక దేనికీ పనికిరాదని అతని నమ్మకం. మంత్రిగారు తన కోసమే బల్ల గుద్దారనుకున్నాడు.

సముద్రాలు దాటి ఒక యంత్రం వచ్చింది. గాలి పీల్చి, అందులో ఎంత విషముందో అంకెల్లో చెప్పే యంత్రం. పురిటిబిడ్డని చుట్టినట్టు దూదిలో చుట్టి పంపారు. శాస్త్రజ్ఞుడు దాన్ని తీసుకెళ్లి అక్క కుట్టుకొట్టు పంచన బిగించాడు.

"ఏం చేస్తుందిరా ఇది?" అంది అక్క, మిషను తొక్కడం ఆపకుండానే.

"గాలి బాగుందో లేదో చెబుతుందక్కా."

"ఆ మాత్రానికి సముద్రాలు దాటి రావాలా? ఇదిగో ఈ చొక్కా చూడు. పొద్దున తెల్లగా ఉతికి ఆరేశాను. ఇప్పుడు కాకి చుట్టమనుకుని పక్కనొచ్చి కూర్చుంటోంది."

"అది డేటా కాదక్కా."

"మరేమిటది?"

"చొక్కా."

అక్క తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, ఇంత చదివించినందుకు తనని తాను తిట్టుకుంది.

పిచ్చుక యంత్రం చుట్టూ తిరిగింది. "మామయ్యా, దీనికి ముక్కెక్కడ?"

"ఈ గొట్టమే."

"అయ్యో పాపం. మూసుకోడానికి చెయ్యి లేదే!"

పిల్ల నోటిమాట ఊరికే పోలేదు. యంత్రం మొదట అంకెలు చూపింది. తర్వాత అంకెలు చాలక ఎర్రదీపం వెలిగించింది. వారం తిరక్కుండానే గురక మొదలెట్టింది. ఆ పైన ఖళ్లుఖళ్లున ఒకటే దగ్గు. ఆ దగ్గు విని వీధికుక్క అరవడం మానేసి, జాలిగా తోక ఊపిందని వీధిలో అందరూ చెబుతారు. చివరికి పొడుగ్గా ఒక్క నిట్టూర్పు విడిచి కన్ను మూసింది. విప్పి చూస్తే, పాలనురుగులా వచ్చిన వడపోత గుడ్డ మసిగుడ్డయిపోయి ఉంది.

శాస్త్రజ్ఞుడు దాన్ని చూసి ఎగిరి గంతేశాడు. ఇంతకంటే రుజువేం కావాలి? రాత్రింబవళ్లు కూర్చుని రిపోర్టు రాశాడు. కొలవనిది రాయకూడదన్నది అతని వృత్తిధర్మం. కొలిచింది యంత్రాన్ని. కాబట్టి రిపోర్టు నిండా యంత్రానికి జరిగిన హానే ఉంది. దాని ముక్కు, దాని గొంతు, దాని వడపోత గుడ్డ, అన్నింటికీ రంగుల ఫోటోలు. మనుషుల సంగతి చిట్టచివర ఒక్క వాక్యం: "యంత్రానికే ఇలా అయితే మనుషుల మాటేమిటి?" మర్యాదస్తుడు కాబట్టి దాన్ని కూడా ప్రశ్నగానే వదిలేశాడు.

మంత్రిగారు తన గదిలో రిపోర్టు తెరిచారు. ఆయన ఫోటోలున్న ప్రతి రిపోర్టునీ శ్రద్ధగా చదువుతారు. వడపోత గుడ్డ ఫోటో దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమిటయ్యా ఈ ఘోరం!"

"అవును సార్," అన్నాడు శాస్త్రజ్ఞుడు ఆశగా. "అందుకే ఆ పొగని..."

"నోరు లేని యంత్రాన్ని తీసుకెళ్లి ఆ పొగలో పెడతారా? మీకసలు మనసుందా?"

పక్క కుర్చీలో ఉన్న వియ్యంకుడు చేతిరుమాలు తీశాడు. "అక్కడ యంత్రం ఉందని ముందే తెలిస్తే ఆ వైపు పొగ పోనిచ్చేవాణ్ణా బావగారూ? ఎవరూ లేరనుకున్నాను."

"మీ తప్పేముంది? శాస్త్రం ఇప్పుడే కదా చెప్పింది!" అని మంత్రిగారు ఆయన్ని ఓదార్చి, డైరెక్టరుగారి వైపు తిరిగారు. "మాటంటే మాటే. సున్నిత యంత్రాల ఆరోగ్య పరిరక్షణ చట్టం రేపే తెస్తున్నాం. ఈ దేశంలో ఏ సున్నిత యంత్రమూ ఇక చెడ్డగాలి పీల్చడానికి వీల్లేదు."

"సార్, మరి మనుషులు?" అన్నాడు శాస్త్రజ్ఞుడు.

"మనుషుల మీద పరిశోధన చేశారా?"

"చేస్తానని అడిగాను సార్. డైరెక్టరుగారు ఒప్పుకోలేదు."

"మనుషుల మీద పరిశోధనా!" డైరెక్టరుగారు చెవులు మూసుకున్నారు. "ఎంత మాటన్నారు! మనుషులేమైనా ఎలకలా సార్?"

"చూశారా, మా డైరెక్టరుగారి మానవత్వం!" అన్నారు మంత్రిగారు. "పరిశోధన లేకుండా జనానికి హాని జరుగుతోందని నేనెలా అంటాను? రేపు ప్రతిపక్షం వాళ్లు డేటా ఏదని అడిగితే మీ మొహం చూపించనా? పైగా యంత్రానికి వారంటీ ఉంది. పాడైతే ఎలా వాడారని కంపెనీవాడు నిలదీస్తాడు. మనిషి పాడైతే నిలదీసే కంపెనీవాడెవడు?"

ఆ కంపెనీవాడెవరో ఎవరికి వాళ్లే ఆలోచించుకుని, అందరూ ఒకసారి పైకప్పు వైపు చూశారు. పైనుంచి సమాధానం రాలేదు. చట్టం వచ్చింది.

చట్టం ప్రకారం యంత్రానికి రిపేరు చేయించి ఆఫీసులోనే గది కట్టించారు. గాలిని వడగట్టి, చల్లబరిచి, పోసినట్టు లోపలికి పంపే గది. ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. తలుపు దగ్గర ఒక మనిషి. వచ్చినవాళ్ల బూట్లకి తొడుగులు తొడిగి, ఒంటిమీది దుమ్ము పీల్చేసి, అప్పుడు లోపలికి వదలడం అతని ఉద్యోగం. యంత్రం ఆ గదిలో హాయిగా ఊపిరి తీసి, పచ్చదీపం వెలిగించింది. ఊరి గాలి మెరుగుపడిందని ఆ సాయంత్రమే శాఖ ప్రకటన ఇచ్చింది. గది కట్టిన రోజే ఫలితం చూపించిన ప్రభుత్వం ఇంకెక్కడుంది?

కార్ఖానా వెనక వీధిలో మాత్రం పిచ్చుకకి దగ్గు ముదిరింది. ఆసుపత్రిలో డాక్టరు, అంటే నాలుక చూసే అసలు డాక్టరు, "మందు కంటే పిల్లకి మంచి గాలి కావాలమ్మా" అన్నాడు. అది ఏ దుకాణంలో దొరుకుతుందో చీటీ మీద రాయలేదు.

శాస్త్రజ్ఞుడు చూడ్డానికి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే అందుకుంది. "ఏరా తమ్ముడూ, నీ యంత్రం కులాసానా?"

"కులాసానే అక్కా."

"చల్లగా ఉందా దానికి? నిద్ర పడుతోందా? మా ఇంట్లో దగ్గేది అడిగిందని చెప్పు."

"ఎందుకక్కా ఎత్తిపొడుస్తావు? నేనేం చెయ్యను? చట్టం అలా ఉంది." అతను సంచీలోంచి చట్టం తీసి, తన తప్పు లేదని నిరూపించడానికి చదివాడు. "విను. గాలిలో మార్పును పసిగట్టి, దానిని వెలుగు ద్వారా గాని శబ్దం ద్వారా గాని తెలియజేయు సాధనమేదైనను సున్నిత యంత్రమనబడును..."

లోపల మంచం మీద పిచ్చుక ఖళ్లుఖళ్లున దగ్గింది. కార్ఖానాలో కొలిమి మూత అప్పుడే తీసినట్టున్నారు.

"ఇదిగో, మా యంత్రం మోగింది," అంది అక్క.

శాస్త్రజ్ఞుడు నవ్వలేదు. చట్టాన్ని మళ్లీ మొదటినుంచి చదివాడు. మంచం మీది పిల్లని చూశాడు. తర్వాత చట్టం రాసినవాళ్లని మనసులో వేయినోళ్ల పొగిడాడు.

మర్నాడు డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "డాక్టరుగారూ, మతిగాని పోయిందా? మేనకోడల్ని యంత్రమంటారా?"

"నేననడం లేదు సార్. చట్టమంటోంది. చట్టప్రకారం ఒక సున్నిత యంత్రం ఇప్పుడు చెడ్డగాలి పీలుస్తోంది. మీకు తెలిసీ ఊరుకున్నారంటే..."

డైరెక్టరుగారు కూర్చున్నారు. ఆయన ఉద్యోగంలో ఇంతకాలం నెగ్గుకొచ్చింది ఏదీ తెలియకుండా ఉండడం వల్లే. "అయితే పరీక్ష చెయ్యాలి," అన్నారు నీరసంగా.

పరీక్ష జరిగింది. విదేశీ యంత్రాన్ని, పిచ్చుకని పక్కపక్కన కూర్చోబెట్టి, గది మూలలో కాగితం ముక్క కాల్చారు. పిచ్చుక వెంటనే దగ్గింది. యంత్రం మాత్రం ఆ గాలిని నింపాదిగా లోపలికి లాక్కుని, నెమరేసి, కాగితం బూడిదయ్యాక దీపం మార్చింది.

డైరెక్టరుగారి ముఖం వికసించింది. "అబ్బో! ఫాస్ట్ రెస్పాన్స్! తయారీ ఎవరు?"

"మా అక్కా బావా సార్."

"అంటే దిగుమతి సరుకు కాదు! కరెంటు ఎంత లాగుతుంది?"

"కరెంటు అక్కర్లేదు సార్. వేళకి తిండి పెడితే చాలు."

"వారంటీ?"

"లేదు సార్."

"అదొక్కటే లోటు," అని డైరెక్టరుగారు నిట్టూర్చి సంతకం చేశారు.

ఆ ఆఫీసులో కుర్చీకీ బీరువాకీ చివరికి చీపురుకీ కూడా తెల్లరంగుతో నంబరు వేయాల్సిందే. నంబర్లేసే మనిషి కుంచె పట్టుకొచ్చి పిచ్చుక చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "ఎక్కడ వెయ్యమంటారు సార్?"

"నా సంచీ మీద వెయ్యి," అంది పిచ్చుక. "నా మీద గాని వేశావంటే మా అమ్మ నిన్ను మిషను మీద పెట్టి కుట్టేస్తుంది."

సంచీ మీద వేశాడు. విదేశీ యంత్రం పక్కనే మంచం వేసి పిచ్చుకని ఆ చల్లటి గదిలో పెట్టారు.

ఆ గదిలో పిచ్చుక కోలుకున్న తీరు చూసి తీరాల్సిందే. పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు. దగ్గు పలచబడింది, ఆ తర్వాత అసలు మాయమైంది. బుగ్గలు పూడాయి. మామయ్య తెచ్చిన పుస్తకాలన్నీ చదివేసి, గోడ మీద రాసిన చట్టాన్ని కూడా కూడబలుక్కుని కంఠతా పట్టింది. అక్క రోజూ పని ముగించుకుని వచ్చేది. తలుపు దగ్గరి మనిషి ఎంత పీల్చినా ఆమె ఒంటి దుమ్ము వదలదు కాబట్టి లోపలికి పోనిచ్చేవాడు కాదు. బయటినుంచే గది అద్దానికి ముక్కు ఆనించి చూసేది. లోపలినుంచి పిల్ల కూడా ముక్కు ఆనించేది.

"చూశావుట్రా, నవ్వినా దగ్గు రావట్లేదు దీనికి!" అని అక్క తమ్ముడి భుజం మీద ఒక్కటి చరిచింది. అతను చదివిన చదువుకి వచ్చిన మెడల్ అదొక్కటే.

ఇంత గొప్ప సంగతిని మంత్రిగారు జనానికి చెప్పకుండా ఎలా ఉంటారు? విలేఖరులందరినీ వెంటబెట్టుకుని వచ్చారు. పక్కనే వియ్యంకుడు. అందరి బూట్లకీ తొడుగులు పడ్డాయి.

"ఇదే మన సొంత తయారీ యంత్రం!" అన్నారు మంత్రిగారు పిచ్చుక తల మీద చెయ్యి వేసి. "గాలి చెడ్డదైతే దగ్గుతుంది. మంచిదైతే ఊరుకుంటుంది. ఏదీ, అందరూ వినండి."

అందరూ విన్నారు. పిచ్చుక ఊరుకుంది. కెమెరాలు కూడా ఊపిరి బిగబట్టాయి. అంతమంది తననే చూస్తుంటే పిల్లకి సిగ్గేసి, పైకి చిరునవ్వు నవ్వింది తప్ప దగ్గలేదు.

"శాస్త్రం తేల్చేసింది!" అని మంత్రిగారు పక్కనున్న బల్ల గుద్దారు. ఈసారి డైరెక్టరుగారు గ్లాసుని ముందే పట్టుకున్నారు. "ఊరి గాలి కడిగిన ముత్యం!"

ఒక విలేఖరి శాస్త్రజ్ఞుడి వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, బయట గాలి కూడా ఇలాగే ఉందంటారా?"

శాస్త్రజ్ఞుడు నోరు తెరిచాడు. డైరెక్టరుగారు అతని చెవి దగ్గరికి వంగారు. "అనుమానముందంటే చెప్పండి. బయట గాలి కొలవాలంటే యంత్రాన్ని బయటే పెట్టాలి మరి. మీ అక్కగారి కొట్టు పంచనే పెట్టిద్దాం."

శాస్త్రజ్ఞుడు పిచ్చుకని చూశాడు. కొత్తగా పూడిన ఆ బుగ్గల్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"యంత్రం చెప్పిందే నిజం," అన్నాడు.

ఆ ఒక్క ముక్కా అన్ని పత్రికల్లోనూ అతని ఫోటో కింద పెద్దక్షరాల్లో పడింది. విదేశీ యంత్రాన్ని ఇక అక్కర్లేదని సాగనంపారు. అది ప్రస్తుతం మంత్రిగారి బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా చూసుకుంటోంది. గాలి ఇంత బాగుంది కాబట్టి కార్ఖానాకి రెండో పొగగొట్టం లేపుకోవచ్చని అనుమతి వచ్చింది. మొదటి దానికంటే ఎత్తు, వెడల్పు కూడా. అది లేచిన రోజు మధ్యాహ్నమే వీధిలో దీపాలు పెట్టుకున్నారు. అది తమ మీద ప్రత్యేక అభిమానంతో ఏర్పాటు చేసిన సాయంకాలమని ఆ వీధివాళ్లు గ్రహించలేకపోయారు. బావ కూడా ఇంటికి రాగానే గోడకి చేరగిలబడి దగ్గడం మొదలెట్టాడు.

కొత్త గొట్టం ఎత్తైనది కదా. పొగ వెనక వీధి దగ్గరే ఆగలేదు. ఊరు దాటి, పెద్దలుండే పచ్చటి తోటలూ తెల్లటి మేడలూ చూసుకుంటూ వెళ్లింది. మంత్రిగారి ఇల్లేదో, మామూలు ఇల్లేదో గాలికి ఎవరూ చెప్పలేదు.

ఒక ఉదయం మంత్రిగారి పి.ఏ. శాస్త్రజ్ఞుడి గదికి వచ్చాడు. వచ్చి తలుపు మూశాడు. నాలుక చూపిస్తాడేమో అనుకున్నాడు శాస్త్రజ్ఞుడు.

"డాక్టరుగారూ, ఒక కొత్త మోడల్ వచ్చింది. మీ గదిలో పెట్టాలి."

"ఏ కంపెనీది?"

"మంత్రిగారి మనవరాలు. వాళ్లబ్బాయికీ, ఆ కార్ఖానా ఆయన కూతురికీ పుట్టిన పాప. ఈ మధ్య కాస్త... గాలిని పసిగడుతోంది. శబ్దం ద్వారా."

శాస్త్రజ్ఞుడికి అర్థమైంది. "దానికేం, పక్కన ఇంకో మంచం వేద్దాం."

"కుదరదండి. గదికి ఒక్క సున్నిత యంత్రమే ఉండాలి. రెండుంటే ఒకదాని అంటు ఇంకొకదానికి తగిలి రీడింగులు తారుమారవుతాయి. రూలు."

"ఆ రూలు ఎప్పుడొచ్చింది?"

"నేను ఇక్కడికి బయల్దేరాక."

"అయితే నా మేనకోడలు?"

"పాత మోడల్ కదండీ. వారంటీ కూడా లేదు."

"నేను ఊరుకోను!" శాస్త్రజ్ఞుడు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు పెంచాడు. "బయట గాలి విషమని పత్రికలవాళ్లని పిలిచి చెబుతాను!"

"చెప్పండి," అన్నాడు పి.ఏ. ఎంతో మర్యాదగా. "యంత్రం చెప్పిందే నిజమని మీరే అన్నారు కదా. కొత్త యంత్రం కూడా ఆ గదిలోనే కూర్చుంటుంది. అదేమంటుందో వాళ్లని విననివ్వండి."

శాస్త్రజ్ఞుడు పెంచిన గొంతుని ఎక్కడ పెట్టాలో తెలియక, అక్కకి కబురు పంపాడు.

కబురందుకుని అక్క వచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండును. నంబర్లేసే మనిషి సంచీ మీది అంకెల్ని గోకుతుంటే చూసి, "అంత గట్టిగా గోకకయ్యా, గుడ్డ చిరుగుతుంది. బడికి అదే సంచీ," అంది.

అద్దాలు మూసుకుని ఒక కారు వచ్చి గుమ్మానికి ఆనుకుని ఆగింది. మెత్తటి బట్టల్లో ఒక పాప దిగింది. ఆయా చెయ్యి పట్టుకుని, దగ్గుకుంటూ రెండు తలుపుల మధ్యకి వచ్చింది. అక్కడ ఒకరు లోపలికి, ఒకరు బయటికి. ఇద్దరు పిల్లలూ ఎదురుపడ్డారు.

"భయపడకు," అంది పిచ్చుక. "లోపల దగ్గు రాదు. కానీ కెమెరాలవాళ్లొస్తే నవ్వాలి."

"తెలుసు," అంది ఆ పాప. "ఇద్దరు తాతయ్యలూ చెప్పారు."

అక్క కొంగు చివర తడిపి పిచ్చుక ముక్కుకి అడ్డంగా కట్టింది. శాస్త్రజ్ఞుడు సంచీ అందుకుని వాళ్ల పక్కన నిలబడ్డాడు. బయటి పొగ చూసి ముగ్గురూ గడప మీదే ఆగిపోయారు.

వాళ్ల వెనకనుంచి తలుపు దగ్గరి మనిషి తొందరపెట్టాడు.

"అమ్మా, త్వరగా దాటండి. తలుపు తీసి ఉంటే బయటి గాలి లోపలికొచ్చేస్తుంది."